కలివికోడి, వాలబి : లేవనుకొన్న రెండు ప్రాణుల చరిత్ర

ముంబయి నగరమున గ్రాంట్ రోడ్ స్టేషనులో దిగి తూర్పుదిక్కుగా నడచినచో కొలది సేపటిలోనే కామాఠీపుర వచ్చును. పదునెనిమిదవ శతాబ్ది చివరినాళ్ళ నుండియు నిజాము రాజ్యపు తెలుగు సీమలనుండి వలసవచ్చి, రాయి మోసి, సున్నము గలిపి, ఈ నగరమును కట్టిన కామాఠీల పేరనే ఆ పేట వెలసినది. 1784లో హార్న్‌బీ వెల్లార్డ్ అను గట్టు పూర్తియై సముద్రపు పోటు ఆగిన పిదప అచటి పల్లపు నేలలు క్రమముగా పూడి నివాసయోగ్యములయ్యెను. ఆ పేటలోని సందులకు నేటికిని అంకెలే పేర్లు. అచటి తెలుగువారికి సెలవునాటి విహారస్థలము బైకుల్లాలోని రాణీబాగు. 1862లో విక్టోరియా గార్డెన్స్ అను పేర తెరువబడి, ఇపుడు వీరమాత జిజాబాయి భోసలే ఉద్యానమని పిలువబడుచున్నది అదియే. పులిని, ఏనుగును, దూరదేశముల మృగములను ముంబయి చాళ్ళలోని పిల్లలు తొలుత చూచునది అచటనే.

ఆ తోటలోనే 1872లో తెరువబడిన విక్టోరియా ఆల్బర్ట్ మ్యూజియము కలదు. దాని నేటి పేరు డాక్టర్ భావు దాజీ లాడ్ మ్యూజియము. 1883 సెప్టెంబరు 15వ తేదీన ప్రకృతిశాస్త్రాభిమానులు ఎనమండుగురు ఆ భవనమున సమావేశమై ఒక సంఘమును స్థాపించిరి. వారిలో ఇరువురు మాత్రమే భారతీయులు : ప్రార్థనాసమాజ స్థాపకుడైన డాక్టర్ ఆత్మారామ్ పాండురంగ్, వైద్యుడును వృక్షశాస్త్రజ్ఞుడును అయిన డాక్టర్ సఖారామ్ అర్జున్. బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీ పుట్టుక యిది. కామాఠీపురనుండి నడచిపోదగినంత దూరమున పుట్టిన యీ సంఘమే, నూరేండ్లు దాటిన పిమ్మట, కడప మండలపు ముండ్లపొదలలో దాగిన ఒక తెలుగు పిట్టను లోకమునకు మరల చూపినది. ఆ పిట్ట కథను చెప్పబూనినచో ఆస్ట్రేలియా ఖండపు వాలబుల కథ తనంతట తానే తోడు వచ్చును. రెండును ఒకే తీరున నడచిన కథలు.

కలివికోడి చిన్న పక్షి. పొడవు ఒక అడుగునకు తక్కువ. నేలమీదనే తిరుగును, రాత్రివేళనే మేయును, చీడపురుగులును చెదలును దాని ఆహారము. కన్నులు పెద్దవి. రొమ్మున రెండు పట్టెలుండును. లాటిను నామములోని ‘బైటార్క్వేటస్’ అను పదమునకు రెండు కంటెలు గలది యని అర్థము. మద్రాసు సైన్యమున వైద్యుడుగా నుండి నెల్లూరు ప్రాంతమున పనిచేసిన టి. సి. జెర్డన్ దీనిని నెల్లూరు, కడప కొండలనుండి సంపాదించెను. 1848లో కలకత్తానుండి ఎడ్వర్డ్ బ్లిత్ దీనికి శాస్త్రనామము నిచ్చెను. ఆంగ్లమున దీనికి జెర్డన్ పేరే నిలిచినది. జెర్డన్ కంటె ముందు వేలయేండ్లు దానిని ఎరిగియున్నవారు పెట్టిన పేరు మాత్రము చాలకాలము గ్రంథముల అడుగున పడియుండెను.

ఆ పేరును గూర్చి కొంత చెప్పవలసియున్నది. కలివి అనునది మెట్టనేలలలో పెరుగు ముండ్లపొద. దాని నల్లని తియ్యని పండ్లను రాయలసీమ పల్లెలలోని పిల్లలు ఏరుకొని తిందురు. ఆ పొదల నడుమ తిరుగు పిట్ట గనుక కలివికోడి. ఒక్క మాటలో పక్షియు, దాని నివాసమును రెండును ఇమిడియున్నవి. శాస్త్రజ్ఞులు తరువాత పుటలకొలది వ్రాసినది ఈ రెండు మాటల వ్యాఖ్యానమే. పాత ఆంగ్ల పక్షిశాస్త్ర గ్రంథములలో మరియొక తెలుగు పేరు కూడ కలదు. అది రోమను లిపిలో చెదరిపోయి, ‘అడవి ఉత్తతిత్తి’ యని చదువబడి, అడవిలోని ఖాళీసంచి యని వ్యాఖ్యానింపబడినది. పక్షికి ఖాళీసంచి యను పేరు వింతయే. తీతువు ఈ పక్షికి దూరపు చుట్టము. ‘తిత్తి’ యను భాగమును చూచినపుడు తీతువు మాటను తలచుటయే సహజముగ తోచును. సంచియే నిజముగా గల ప్రాణులు వేరు. అవి ఆస్ట్రేలియాలో నున్నవి.

వాలబి యనగా కంగారూ కుటుంబములోని చిన్నజాతులకు కలిసి యేర్పడిన పేరు. సిడ్నీ ప్రాంతపు ఆదిమవాసులైన ధరుగు జనుల భాషనుండి ఆ మాట ఆంగ్లమునకు వచ్చినది. కుందేలంత ప్రాణి మొదలుకొని మేకయంతటి దానివరకు వీనిలో ఎన్నియో భేదములు. తల్లి పొట్టమీది సంచిలో పిల్ల నెలలతరబడి పెరుగును. కొన్ని దట్టమైన వానయడవుల అంచులందును, కొన్ని రాళ్ళగుట్టలందును, కొన్ని పొదలతో గూడిన పచ్చికబయళ్ళందును నివసించును. కంగారూ విశాలమైన బయలులో నిలువగలదు. వాలబికి దాగుటకు పొద కావలెను, మేయుటకు ప్రక్కనే గడ్డి కావలెను. ఈ రెండింటి పొత్తు చెడినచోట వాలబి చెడినది.

పందొమ్మిదవ శతాబ్దిలో ఆ పొత్తు చెడినది. గొఱ్ఱెల మందలు గడ్డిని కోసివేసినట్లు మేసెను. పొదలను నరికి పొలములు చేసిరి. వేటవినోదమునకై తెచ్చిన నక్కలును, ఇండ్లనుండి అడవి పట్టిన పిల్లులును చిన్నప్రాణులను వేటాడెను. దీనికి తోడు ప్రభుత్వమే వానిని శత్రువులుగా ప్రకటించినది. క్వీన్స్‌లాండు రాష్ట్రమున 1877లో చేయబడిన మార్సూపియల్ సంహార చట్టము, చంపిన ప్రతి కంగారూకు, వాలబికి బహుమానము చెల్లించెను. 1930 వరకు ఆ రాష్ట్రమున ఇట్లు చంపబడినవి 2 కోట్ల 70 లక్షలని చరిత్రకారులు లెక్కగట్టిరి. 1788లో ఆంగ్లేయుల వలస మొదలైన నాటినుండి ఆ ఖండమున 30కి పైగా క్షీరదజాతులు నశించినవి. ఏ యితర ఖండమునను ఈ కాలములో ఇంతటి నష్టము లేదు.

వానిలో టూలాచ్ వాలబి కథ ప్రత్యేకముగ స్మరింపదగినది. దక్షిణ ఆస్ట్రేలియాలోని ఈ జాతి మిక్కిలి వడిగా పరుగెత్తునది; చర్మము అందమైనది. ఆ రెండు గుణములే దాని ప్రాణము తీసెను. మొదటి గుణమునకై కుక్కలతో తరిమిరి, రెండవదానికై చర్మము ఒలిచిరి. 1920 తరువాత కొన్ని మాత్రమే మిగిలియున్నవని తెలిసి, వానిని పట్టి సురక్షితమైన ద్వీపమునకు చేర్చవలెనని శాస్త్రజ్ఞులు పూనిరి. పట్టుకొను పరుగులోనే అలసియు, బెదరియు పెక్కు చనిపోయెను. బోనులో మిగిలిన చివరిది 1939లో మరణించినది. రక్షింపబోయిన చేయియే తుది దెబ్బ కొట్టినట్లయ్యెను. కలివికోడి కథలో కూడ ఇట్టి ఘట్టమొకటి రానున్నది.

జెర్డన్ తరువాత కలివికోడిని చూచినవారు మిక్కిలి కొలదిమంది. భూగర్భశాస్త్రజ్ఞుడైన బ్లాన్‌ఫర్డ్ గోదావరీతీరమున సిరోంచ, భద్రాచలముల సమీపమున దీనిని కనుగొనెను. 1900లో హోవార్డ్ కాంప్‌బెల్ అనంతపురము దగ్గర పెన్నాలోయలో చూచెను. అంతటితో సరి. దరిదాపు 86 సంవత్సరములు ఏ శాస్త్రజ్ఞుని కంటను పడలేదు.

ఆ నడుమ వెదకనివారు లేకపోలేదు. సాలిం అలీ 1931-32 సంవత్సరములలో హైదరాబాదు సంస్థానపు పక్షులను సర్వే చేసెను. ఆయన బాల్యము గడిచినది ముంబయిలో ఖేత్‌వాడీలో, అనగా గ్రాంట్ రోడ్డుకు ఆనుకొనియున్న పేటలో. తెలుగుసీమల మెట్టలును, అడవులును ఆ సర్వేలో ఆయన తిరిగెను, కలివికోడి కనబడలేదు. తరువాత 1970 ప్రాంతములలో అమెరికా పక్షిశాస్త్రజ్ఞుడైన డిల్లన్ రిప్లీతో కలిసి మరల వెదకించెను. ఫలము లేదు. ప్రపంచపు పక్షుల పట్టికలలో ‘బహుశః నశించినది’ అను వరుసలో దాని పేరు చేరెను.

వెదకిన తీరునందే లోపమున్నదని ఇపుడు చెప్పుట తేలిక. పక్షులను వెదకువారు తెల్లవారుజామున బయలుదేరుదురు. ఈ పక్షి రాత్రి తిరుగును. వారు పక్షిని వెదకిరి గాని పక్షి పేరును వెదకలేదు. ‘జెర్డన్ కోర్సర్’ ఎచటనున్నదని సిద్ధవటము సంతలో అడిగినచో చెప్పువారెవరు?

1985లో బొంబాయి సొసైటీ అరుదైన పక్షుల అన్వేషణకై భరత్ భూషణ్ అను యువశాస్త్రజ్ఞుని పంపెను. ఆయన పక్షి చిత్రమును చేతబట్టి, ఊరూర వేటగాండ్రను, కాపరులను, కట్టెలు కొట్టువారిని విచారించెను. కడప మండలమున లంకమల కొండల పాదమున, పెన్నాతీరపు సిద్ధవటము ప్రాంతమున, చిత్రమును చూచినవారు సందేహము లేక దానిని గుర్తించిరి. అది రాత్రిపిట్ట, కలివిపొదలలో తిరుగునని చెప్పిరి. వారిలో ఐతన్న యను పిట్టల వేటగాడొకడు. 1986 జనవరిలో ఒక రాత్రి రెడ్డిపల్లి సమీపమున ఐతన్నకు దీపపు వెలుగులో ఆ పక్షి చిక్కినది. వెలుగు కన్నులబడగా పరుగెత్తక నిలిచిపోవుట దాని స్వభావము. ఆ స్వభావమును ఎరిగినవాడు గనుక ఐతన్న ప్రాణముతోనే పట్టెను.

శాస్త్రలోకమునకు ఇది గొప్ప వార్త. సాలిం అలీకి అప్పటికి 89 ఏండ్లు. జీవితకాలమంతయు వెదకిన పిట్ట జాడ తెలిసిన పిమ్మట ఆయన ఏడాదిన్నర మాత్రమే జీవించెను. 1987 జూనులో కన్నుమూసెను. కాని చిక్కిన పక్షి కొలదిదినములలోనే చనిపోయినది. దాని కళేబరము ముంబయిలో సొసైటీ సేకరణలో భద్రముగనున్నది. బ్రదికియున్నదని ఋజువు చేయుటకు ఒక ప్రాణము వ్యయమయ్యెను. వేటగానిని దీనికై నిందించుట న్యాయము కాదు; తెచ్చి యిమ్మని కోరినది శాస్త్రము. టూలాచ్ వాలబి విషయమున జరిగినదానికిని దీనికిని భేదము ఒక్కటే : ఇచట కొండపాదమున తోడిపక్షులు ఇంకను మిగిలియుండెను.

ఈ ఘట్టమునకు 13 సంవత్సరములు ముందు ఆస్ట్రేలియాలో దాదాపు ఇదియే జరిగియున్నది. కళ్ళెపు గోటితోక వాలబి యనదగు జాతి యొకటి కలదు. మెడ వెనుకనుండి భుజములమీదుగా తెల్లనిచార కళ్ళెమువలె దిగును. తోకకొనయందు గోరువంటి కొమ్ముమొన యుండును. ఒకప్పుడు తూర్పు ఆస్ట్రేలియాలో విస్తారముగనున్న ఈ జాతి 1937 తరువాత కనబడక, నశించినదని తీర్మానింపబడెను. 1973లో మధ్య క్వీన్స్‌లాండున డింగో అను చిన్నయూరిదగ్గర కంచెలు వేయు పనివాడొకడు, ఒక స్త్రీల పత్రికలో నశించిన జంతువులనుగూర్చిన వ్యాసమును చదివి, అందలి బొమ్మను చూచి ఆశ్చర్యపడెను. అతడు దినదినము చూచుచున్న జంతువే యది. అచటివారు దానిని ‘ఫ్లాష్‌జాక్’ అని పిలిచెడివారు. శాస్త్రజ్ఞులు వచ్చి చూచి నిజమని ఒప్పుకొనిరి. ప్రభుత్వము ఆ పశుక్షేత్రములను కొని, 11,000 హెక్టారులకు పైబడిన టాంటన్ శాస్త్రీయోద్యానమును ఏర్పాటుచేసెను.

అచట కంచెపనివాడు, ఇచట పిట్టలవేటగాడు. అచట ఫ్లాష్‌జాక్, ఇచట కలివికోడి. నశించినదని పట్టికలో వ్రాసినవారికిని, ప్రతిదినము చూచుచున్నవారికిని మధ్య మాట కలియకపోవుటయే ఈ రెండు ‘అదృశ్యము’లకు మూలము. ఇక పార్మా వాలబి కథ మరియు చిత్రమైనది. అదియు పోయినదనుకొనిరి. 1965లో అది న్యూజిలాండుకు చెందిన కవావ్ ద్వీపమున బయటపడినది. 1870 ప్రాంతమున సర్ జార్జ్ గ్రే అచట విడిచిన జంతువుల సంతతి యది. చెట్లకు చేటని ద్వీపవాసులు వానిని చంపుచునే యుండిరి. రెండేండ్లకు, 1967లో, స్వదేశమైన న్యూ సౌత్ వేల్సునందే కొన్ని కనబడెను.

ప్రాణి దొరకుట ఒక యెత్తు, నిలుపుకొనుట మరియొక యెత్తు. కలివికోడి నివాసమును పరిశీలించినవారికి తెలిసినది ఆశ్చర్యకరమైనది. దట్టమైన యడవిలో అది ఉండదు, బోడిమెట్టలోను ఉండదు. మనిషి యెత్తుకు మించని ముండ్లపొదలు, వాని నడుమ పరుగెత్తుటకు వట్టినేల కావలెను. పశువుల మేతయు, కట్టెలు కొట్టుటయు మితముగనున్నచోట అడవి ఈ స్థితిలో నిలుచును. మితిమీరినచో పొదలు పోవును. పూర్తిగ మానినచో పొదలు క్రమ్ముకొని నేల మూసికొనిపోవును. కంచె వేసి మనుష్యులను వెడలగొట్టిన చాలునను మాట ఇచట చెల్లదు. ఫ్లాష్‌జాక్ స్థితియు కొంతవరకు అట్టిదే. బ్రిగలో యను తుమ్మజాతి చెట్ల లేత పొదలు దానికి పగటి నిద్రాస్థానము, ప్రక్కనున్న గడ్డి రాత్రి మేత. అచట మాత్రము పశువులను తొలగింపవలసి వచ్చినది, నక్కలను పిల్లులను అదుపుచేయవలసి వచ్చినది. రెండు దేశములకు ఒకే మందు పనికిరాదు.

1988లో లంకమల కొండలయందు శ్రీ లంకమల్లేశ్వర అభయారణ్యము ఏర్పడినది. అయినను ప్రమాదము దాని హద్దుల ప్రక్కనే పెరిగినది. మద్రాసు నగరమునకు త్రాగునీరిచ్చుటకు మహారాష్ట్ర, కర్ణాటక, ఆంధ్రప్రదేశ్ రాష్ట్రములు తలకొక 5 టి.ఎం.సి.ల కృష్ణాజలము విడుచుటకు 1976లో అంగీకరించెను. 1983 ఒప్పందముతో తెలుగుగంగ ప్రారంభమయ్యెను. ఆ నీరు కడప, నెల్లూరు మండలములమీదుగా పోవలెను. సీమ రైతుకు ఆ కాలువ ప్రాణాధారము. కరవు ఎరిగినవారెవరును కాలువ వలదనరు. కాని 2005లో కాలువపని అనుమతి లేకయే అభయారణ్యములోనికి చొచ్చి, కలివికోడి తిరుగు పొదలను యంత్రములు పెల్లగించుచుండగా పరిశోధకులు చూచిరి. అటవీశాఖ పని నాపెను. వ్యవహారము సర్వోన్నత న్యాయస్థానము నియమించిన కేంద్ర సాధికార సంఘమువరకు పోయెను. తుదకు కాలువ త్రోవ మార్చబడినది; పక్షికై సుమారు 3,000 ఎకరముల భూమి అదనముగ కేటాయింపబడినది. నీరును పోయినది, పొదలును మిగిలెను. త్రోవ మార్చుటకు వీలున్నదని తెలియుటకు ముందే నరికిన పొదలు మాత్రము తిరిగి రాలేదు.

ఆ పరిశోధకుల పద్ధతియు చెప్పదగినది. 2000 తరువాత జగన్నాథన్, అసద్ రహ్మానీ, బ్రిటిషు శాస్త్రజ్ఞుడు రీస్ గ్రీన్ మున్నగువారు పక్షిని పట్టకయే దాని ఉనికి కనిపెట్టు మార్గములు వెదకిరి. పొదల నడుమ మెత్తని మట్టి పరచి, తెల్లవారి దానిమీది అడుగుజాడలను చదివిరి. స్వయముగ చిత్రము తీయు కెమేరాలు పెట్టిరి. దాని కూతను తొలిసారి ధ్వనిముద్రణము చేసిరి. సంధ్య చీకటులలో వినబడు రెండక్షరముల చిన్నకూత యది. ఆ కూతను మరల వినిపించి, బదులు వచ్చునాయని చెవియొగ్గి లెక్కించుట ఆరంభమైనది. 1986లో చేతిలో ప్రాణము పోయిన నాటినుండి ఈ మట్టిపట్టీల వరకు జరిగిన మార్పు చిన్నది కాదు.

2013లో స్కాట్లండునందలి అబెర్డీన్ విశ్వవిద్యాలయపు మ్యూజియములో ఒక గుడ్డు బయటపడినట్లు ప్రకటింపబడెను. కోలారు బంగారుగనుల ప్రాంతమున 1917లో సేకరింపబడిన ఆ గుడ్డు కలివికోడిదేయని వంశకణముల పరీక్ష తేల్చినది. లోకమున గుర్తింపబడిన కలివికోడి గుడ్డు అదియొక్కటే. గూడెట్లుండునో, పిల్లలను ఎట్లు సాకునో చూచినవారు శాస్త్రజ్ఞులలో లేరు. కాంప్‌బెల్ చూచిన తరువాత 17 ఏండ్లకు కూడ ఆ పక్షి కోలారు మెట్టలవరకు వ్యాపించియుండెనని ఆ గుడ్డు సాక్ష్యమిచ్చుచున్నది.

ఆ తరువాతి సంవత్సరములలో కూత వినబడుట అరుదై, పిదప నిలిచిపోయినది. ఎఱ్ఱచందనపు దొంగల బెడదవలన ఆ యడవులలో రాత్రి తిరుగుట పరిశోధకులకు కష్టమయ్యెను. రాత్రిపక్షికి రాత్రి కాపలాయే లేకపోయెను. మొత్తము పక్షులు 50కిని 249కిని నడుమ నుండవచ్చునని అంతర్జాతీయ పక్షిరక్షణ సంస్థ వేసిన అంచనా. నశించినదని మరల వ్రాయవలసివచ్చునేమోనని కొందరు భయపడుచుండగా, 2025 ఆగస్టులో కడప మండలమున పక్షిపరిశీలకుల బృందమొకటి చీకటిలో ఆ రెండక్షరముల కూతను విని ధ్వనిముద్రణము చేసెను. పక్షి కనబడలేదు. ఈసారి దానిని పట్టవలెనని ఎవరును పూనలేదు.